సత్తెమ్మక్క రాయించిన పిల్లి రిజిస్టరు

మొన్న ఆదివారం సీతాఫల్‌మండిలో, మా కాలేజీలో పనిచేసే అనిత కొత్తగా దిగిన ఇంటికి వెళ్ళాను. తలుపు తీయగానే ముక్కుకు రెండు వాసనలు తగిలాయి. పైన ఫినాయిల్, దాని అడుగున ఇంకొకటి. ఆ రెండోది ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. కుళ్ళిన ఉల్లిపాయ, తుప్పుపట్టిన ఇనుము, రెండూ కలిపి ఎండలో పెడితే వచ్చే ఘాటు. "డ్రైనేజీ ప్రాబ్లం మేడం, ఓనర్‌కు చెప్పినం" అంది అనిత, నేను అడగకముందే. మర్యాద కోసం తలూపే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ లేదు. "డ్రైనేజీ కాదు, మగపిల్లి. ఎక్కడ దాచారు?" అన్నాను. ఆ అమ్మాయి ముఖం కందిపోయింది. అలా అన్నందుకు తర్వాత నొచ్చుకున్నాను కానీ, ఆ వాసనతో కొన్ని నెలలు కాపురం చేసినదాన్ని, నన్ను మోసం చేయడం ఎవరివల్లా కాదు. తిరిగి వస్తుంటే ఆటోలో నాకు గుర్తొచ్చింది మాత్రం పిల్లి కాదు. సత్తెమ్మక్క.

మేం అప్పుడు మెట్టుగూడలో రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. అమ్మ పోయాక నాన్న తెనాలి ఇల్లు అద్దెకిచ్చి మా దగ్గరకు వచ్చాడు. వచ్చిన నెలలోనే కూరగాయల బండి కింద దొరికిన పిల్లిపిల్లను జేబులో పెట్టుకొచ్చాడు. ఎవరు ఏ కాగితం పరిచినా దానిమీద వచ్చి కూర్చునేది కాబట్టి గుమాస్తా అని పేరు పెట్టాడు. వయసు రాగానే డాక్టరు దగ్గరకు తానే తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాడు. నేనూ నాన్నా రోజూ వాదించుకునేవాళ్ళం, పేపర్లో వార్త గురించో, చారులో ఉప్పు గురించో, నా జవాబు పత్రాలమీద ఆ పిల్లి నిద్రపోవడం గురించో. రెండేళ్ళకు, వానాకాలంలో ఒక మధ్యాహ్నం, ఒక వాదన సగంలో ఉండగానే, గుండె ఆగి నాన్న పోయాడు. మూడు వారాలు తిరక్కుండా గుమాస్తా ఇంట్లో చిమ్మడం మొదలుపెట్టింది. తలుపు మీద, కర్టెన్ మీద, ఒకసారి మా ఆయన ఆఫీసు బ్యాగు మీద.

నేను చేయగలిగిన తప్పులన్నీ చేశాను. ఫినాయిల్ పోసి కడిగాను, కడిగిన చోటే మళ్ళీ చిమ్మింది. చీపురు ఝళిపించాను, మంచం కిందికి దూరి మర్నాడు మంచం కోడు మీద చిమ్మింది. వాసన మెట్లమీదికి కూడా పాకేసరికి ఇంటి ఓనరు పైకి వచ్చి, పిల్లో మీరో తేల్చుకోండన్నాడు. మా ఆయన ప్రసాద్ కోపం తెలియని మనిషి. అలాంటి మనిషి ఒక నిర్ణయానికి వస్తే కదిలించడం కష్టం. "నా ఫ్రెండుకు సైనిక్‌పురిలో పెరడున్న ఇల్లుంది. పిల్లిని పెంచుకుంటానన్నాడు. ఒక్క నెల చూద్దాం విజయా. అప్పటికీ ఆగకపోతే, నెల తర్వాత వచ్చే ఆదివారం అతను వచ్చి తీసుకెళ్తాడు" అన్నాడు. నాన్న బట్టలు ఇచ్చేశాం, మంచం ఇచ్చేశాం. ఇంట్లో ఆయన చేతులు తిరిగినది ఇక ఆ పిల్లి ఒక్కటే. ఇవ్వనని నేను అప్పుడే తీర్మానించుకున్నాను. ఎలా ఆపాలో మాత్రం తెలియదు.

తెలియనప్పుడు నేను చేసే పని ఒకటే, ఎవరో ఒకరి మీదికి పోట్లాటకు వెళ్ళడం. కింద వెనకవైపు రెండు గదుల్లో సత్తెమ్మక్క ఉండేది. అరవై దాటిన మనిషి. పిల్లలు లేరు. భర్త రైల్వే డ్యూటీలో పోతే ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు. సిగ్నళ్ళ విభాగంలో ఖలాసీగా చేరి, పట్టాల వెంట పెట్టె మోసి, పని నేర్చుకుని, సిగ్నళ్ళు బాగుచేసే మనిషిగా రిటైరైంది. ఆమె దగ్గర రెండు పిల్లులుండేవి. అంతే, నాకు నేరస్థులు దొరికిపోయారు. "మీ పిల్లులు పైకొచ్చి మా ఇల్లంతా పాడు చేస్తున్నాయి" అన్నాను గుమ్మంలోనే నిలబడి. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"నిలబడి పోసిందా, కూసోని పోసిందా?"

"ఏమిటీ?"

"పిల్లి. కూసోని పోస్తే నేల మీద మడుగైతది. నిలబడి తోక లేపి జెరంత చిమ్మితే గోడకు చారలు పడ్తయ్. ఏది చూసినవ్?"

"నేను చూడలేదు."

"చూడకుండనే కొట్లాటకు వచ్చినవా మేడం? నా రెండూ ఆడియి, ఆపరేషన్ సుత అయినయ్. గడప దాటయ్. కూసో, ఈనెలు తీద్దువు గని."

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంఏ చదివి ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న దాన్ని, ఏడో తరగతితో చదువాపేసిన మనిషి అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు లేక చిక్కుడుకాయలు పట్టుకున్నాను. గోడమీద చారలే, అడుగు ఎత్తులో, అని చెప్పాను. అయితే పోయడం కాదు, ఇది నా జాగా అని గుర్తు పెట్టడం అంది. అయినా ముందు డాక్టరుకు చూపించమంది. చూపించాను. మూత్ర పరీక్షలో ఏమీ లేదన్నాడాయన. మగపిల్లి మూత్రం రాక ముక్కుతుంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దని హెచ్చరించి, ఇది బెదురువల్ల చేస్తున్న పని, ఇంట్లో ఏం మారిందో చూసుకోండని పంపాడు.

ఆ మాటే వచ్చి సత్తెమ్మక్కకు చెప్పి, "మొండిది. ఎంత తిట్టినా బుద్ధి రాదు" అన్నాను. అప్పుడు ఆమె చెప్పిన మాట నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు.

"సిగ్నల్ లాల్ పడ్డదనుకో. బండి ఆగుతది, అందరు పరేషాన్ అయితరు, సిగ్నల్‌ను తిడ్తరు. కొత్తల నేను సుత గట్లనే అనుకున్న, ఖరాబైందని. మా మేస్త్రి అన్నడు, సత్తెమ్మా, అది ఖరాబ్ అయితే గాదు లాల్ పడేది, ముంగట ఏందో ఉన్నదని పడ్తది. పట్టా విరిగిందో, నీళ్ళొచ్చినయో, పో, పోయి చూడు అని. నీ పిల్లి సుత లాల్ చూపిస్తున్నది. నువ్వు పొయ్యి సిగ్నల్‌ను చీపురుతోని కొడ్తున్నవ్."

లోపలికి వెళ్ళి పొడుగాటి గీతల పుస్తకం ఒకటి తెచ్చి నా ఒడిలో వేసింది. తేదీ, టైము, ఎక్కడ, దానికి ముందు ఏమైంది, ఎవరెవరు ఏం చేస్తున్నారు, అని అయిదు గళ్ళు కొట్టించింది. పనిలో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఫెయిల్యూరునూ అలాగే రాసేదట. "తిట్టుడు తర్వాత. ముందుగాల రాసుడు" అంది.

పది రోజులు రాశాను. నేను మొదలుపెట్టిన పని మధ్యలో వదలను, ఎదుటివాళ్ళను విసిగించే విషయంలోనైనా సరే. ఉదయం అయిదున్నరకు లేచి, కాలేజీకి వెళ్ళేదాకా, వచ్చాక పడుకునేదాకా, ఏ చారైనా తడి ఆరకముందే పట్టుకుని రాశాను. పదో రోజు పుస్తకం పట్టుకుని సగర్వంగా కిందికి దిగాను. అప్పటికి నా దగ్గర ఒక సిద్ధాంతం కూడా తయారైంది. "ఇది దుఃఖం అక్కా. నాన్న కోసం బెంగ. మూగజీవం, మరోలా చెప్పుకోలేదు." అంత అందమైన కారణం ఉంటే ఏ మనిషైనా వదులుకుంటాడా?

సత్తెమ్మక్క కళ్ళద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పింది. వేలితో టైము గడి వెంట పైనుంచి కిందికి గీసింది.

"ఆరున్నర, ఆరు ముప్పై అయిదు, ఆరున్నర, ఆరు నలభై. బాల్కనీ తలుపు, బాల్కనీ కర్టెన్, మల్ల బాల్కనీ తలుపు. మిగిలినయి ఒకటో రెండో. విజయా, దుఃఖం రోజూ పొద్దుగాల ఆరున్నరకే వస్తదా?"

పుస్తకం లాక్కుని టైము గడి మళ్ళీ నేనే చూశాను. ఆమె చదివిందే ఉంది. ఆమె నన్ను మేడం అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలని తర్వాతే గమనించాను.

"ఇగో, ఇంకోటి. ఆఖరు గడిల ప్రసాద్ సార్ వాకింగ్ పోయిండని ఉన్నది. పాలాయన వచ్చిండని ఉన్నది. మీద ఇంటోల్లు మోటర్ ఏసిన్రని ఉన్నది. నీ పేరు లేదేంది?"

"నేను వంటింట్లో ఉంటాను."

"పది రోజులల్ల ఒక్క దినం సుత నువ్వు ఏం జేయలే? రేపు ఆరు గొట్టంగ వస్త. రోజూ ఏం జేస్తవో గదే చెయ్. నేను లేననుకో."

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. కారణం చెబుతాను, ఎవరికీ చెప్పని విషయం. నేను పూజలూ తంతులూ నమ్మను. నమ్మేవాళ్ళతో వాదించి పెళ్ళిళ్ళలో కూడా పేరు తెచ్చుకున్నాను. నాన్న పదో రోజు పిండం పెట్టినప్పుడు కాకి ముట్టలేదు. గంట సేపు చూశారు. ఆయనకేదో కోరిక మిగిలిపోయిందని మేనత్త అంటే, వానకు కాకులు రావడం లేదని, మూఢనమ్మకాలు చాలించమని గట్టిగా అన్నాను. మర్నాడు పొద్దున, ప్రసాద్ వాకింగుకు వెళ్ళగానే, పెరుగన్నం ముద్ద చేసి బాల్కనీ గోడమీద పెట్టాను. ఒక పావుగంట వంటింట్లోకి వెళ్ళి వెనక్కి చూడకుండా పని చేసుకున్నాను. వచ్చి చూస్తే గోడ శుభ్రంగా ఉంది. అప్పటి నుంచి నాలుగు నెలలు, ఒక్క రోజు మానలేదు, ఒక్కరికి చెప్పలేదు.

చెప్పినట్టే ఆరింటికి సత్తెమ్మక్క వచ్చింది. ఆమె ముందు ముద్ద కలపడానికి చేతులు రాలేదు. కానీ రోజూ చేసేదే చేయాలన్నది కదా. గోడమీద పెట్టాను. ఆమె ముద్ద వైపు చూసింది, నా వైపు చూసింది. ఇద్దరం కర్టెన్ పక్కన నేలమీద కూర్చున్నాం. పిల్లి ఎత్తుకు దిగి చూడాలంది ఆమె. బాల్కనీ తలుపు కింది సగం జాలీ, నిలబడి చూసినన్నాళ్ళూ నాకు అది గుర్తే లేదు. కాసేపటికి పక్కింటి డాబామీది షెడ్డు రేకుమీద నుంచి ఒక గండుపిల్లి దిగింది. చెవి చిరిగి, బుగ్గలు ఉబ్బి, వీధంతా తనదే అన్నట్టుంది. గోడెక్కి ముద్దంతా నాకి నాకి తిన్నది. దిగి, తలుపు వైపు వీపు తిప్పి, తోక నిటారుగా లేపి వణికించి, జాలీమీద చిమ్మి వెళ్ళింది. ఇవతల గుమాస్తా ఒళ్ళంతా ఉబ్బించుకుని చూస్తోంది. అది వెళ్ళగానే వచ్చి, అదే చోట, ఇటువైపు, అలాగే వీపు తిప్పి జవాబు రాసింది.

నేను ఖాళీ అయిన గోడ వైపే చూస్తున్నాను. నాలుగు నెలలు ఆ శుభ్రమైన గోడను చూసుకునే నేను కాలేజీకి వెళ్ళాను. "కాకి అనుకున్నానక్కా" అన్నాను. నాన్న పోయినప్పుడు అందరిముందూ పనులు పురమాయిస్తూ తిరిగినదాన్ని, ఆ పొద్దున వంటింటి గట్టుకు ఆనుకుని ఏడ్చాను. సత్తెమ్మక్క ఊరడించలేదు. ఏడవనిచ్చింది, నీళ్ళిచ్చింది, పుస్తకం తెరిచి పెన్ను నా చేతిలో పెట్టింది.

"రాయి. ఆరు పది. విజయ నాయినకు ముద్ద పెట్టింది."

"ఆపేస్తాను. రేపటి నుంచి పెట్టను."

"ఎందుకు బంద్ చేస్తవ్? నాయినకు పెట్టేదానికి ఎవరన్న వద్దన్నరా? జాగ మార్చు. డాబా మీద పెట్టు. పెట్టి ఉరికి రాకు, కాకి తినేదాంక నిలబడు. నువ్వు పెట్టి పారిపోతున్నవ్ గాబట్టే ఎవరు తింటున్నరో నీకు ఎరుక లేదు."

ఆ రోజు నుంచి యుద్ధం మొదలైంది. ఇరవై రోజులే మిగిలాయి. ఫినాయిల్ సీసా పారేశాను. ఆ ఘాటుకు ఇంట్లో తన వాసనంతా పోయి అది మరింత బెదిరిపోతుందట, పైగా పిల్లికి ఫినాయిల్ విషం. చారలున్న చోటల్లా సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, పెట్ షాపులో దొరికే మూత్రం వాసన విరిచే మందు పోసి, నానేదాకా ఆగాను. తలుపు కింది జాలీకి అట్టముక్క బిగించాను. వెలుతురు తగ్గిందని ప్రసాద్ సణిగాడు, వినిపించుకోలేదు. పిల్లి గిన్నె తెచ్చి సరిగ్గా ఆ తలుపు దగ్గరే పెట్టాను, తినే చోట చిమ్మదని. ఇసుక తొట్టి ఇంకొకటి చేర్చాను. బీరువా పైనున్న పెట్టెలు దించేసి, పైనుంచి ఇల్లంతా కనిపించేలా దానికో పరుపు వేశాను. రోజూ మెత్తటి గుడ్డతో దాని బుగ్గలు నిమిరి, అదే గుడ్డతో తలుపు చట్రం తుడిచేదాన్ని. బుగ్గల వాసన తగిలితే ఇది నా ఇల్లేలే అని అది నెమ్మదిస్తుందని అక్క చెప్పింది. చీపురు దాని కంట పడకుండా దాచాను. గండుపిల్లిని సత్తెమ్మక్కే బోనులో పట్టి, ఆటోలో డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించి, మళ్ళీ ఆ షెడ్డు దగ్గరే వదిలింది. "దాని జాగల అది ఉంటది. గరం తగ్గాలె, గంతే" అంది.

రిజిస్టరులో గళ్ళు ఖాళీ అవడం మొదలైంది. మొదట రోజు మార్చి రోజు, తర్వాత నాలుగు రోజులకోసారి, తర్వాత వారం మొత్తం ఏమీ లేదు. ఆదివారం దగ్గరపడింది. ఇక గెలిచాననుకున్నాను. గురువారం పొద్దున ప్రసాద్ వాకింగులో ఉండగా, వానకు తడిసి ఊడిన అట్టముక్క సందులోంచి గండుపిల్లి మళ్ళీ కనిపించింది. గుమాస్తా కర్టెన్ మీద ఒకే ఒక్కసారి చిమ్మింది. అయిదు నిమిషాల్లో ఉతికేశాను. ఎవరూ చూడలేదు. పుస్తకం తీశాను కానీ రాయలేదు. అలాగే పట్టుకుని కిందికి వెళ్ళాను.

"రాయకపోతే ఏమవుతుందక్కా? మూడు రోజులే కదా."

సత్తెమ్మక్క పుస్తకం తీసుకుని ఆ రోజు గడి చూసింది. "మా గ్యాంగుల ఒకడుండె. సిగ్నల్ పెట్టె తెరవకుండనే తెరిచిన, అంత మంచిగున్నదని రాసేటోడు. వాని పుస్తకం మస్తు సాఫ్‌గ ఉండేది. వాడు రాసిన దినాలల్ల వాని జాగల మేమందరం మళ్ళ పోయి చూసేటోల్లం. వాని మాట మీద బండి పోనిచ్చుటానికి మాకు ధైర్యం రాకపోయేది." పుస్తకం తిరిగి నా చేతిలో పెట్టింది. నేను మెట్లమీదే కూర్చుని రాశాను. గురువారం, ఆరు యాభై, కర్టెన్, అట్ట ఊడింది, విజయ రాత్రి చూసుకోలేదు.

ఆదివారం సైనిక్‌పురి స్నేహితుడు బుట్టతో వచ్చాడు. నేను నాకు తెలిసిన వాదనలన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాను. ప్రసాద్ ఆయనకు కాఫీ ఇచ్చి, రిజిస్టరు తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. మొదటి పేజీ నుంచి చదివాడు. నేను చూస్తూ నిలబడ్డాను. నాయినకు ముద్ద పెట్టింది అన్న చోట ఆయన వేలు ఆగింది. తర్వాత గురువారం దాకా వచ్చాడు.

"ఇది నువ్వు రాయకపోతే నాకు తెలిసేదే కాదు" అన్నాడు.

"అవును."

"పిల్లి పోతుందని తెలిసి కూడా రాశావు."

ఆయన లేచి స్నేహితుడి భుజంమీద చెయ్యి వేసి, "అనవసరంగా తిప్పాను, ఏమనుకోకు. పిల్లి ఇక్కడే ఉంటుంది" అన్నాడు. మర్నాడు పొద్దున వాకింగు మానేసి నా వెనకే డాబా ఎక్కాడు. కాకి కోసం ఇద్దరం నిలబడ్డాం. మెల్లగా అడిగాడు, "ఉప్పు వేశావా? మావయ్యగారికి చప్పగా ఉంటే నచ్చదు." వేయలేదు. కిందికి దిగి ఉప్పు తెచ్చాను.

సత్తెమ్మక్క పోయి రెండేళ్ళయింది. చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను ఒక నర్సమ్మతో గొడవ పెట్టుకున్నాను, పిలిచి అరగంటైనా సెలైన్ మార్చలేదని. వార్డంతా వినేలా అడుగుతున్నాను. మంచం మీద నుంచి సన్నగా వినిపించింది. "విజయా. ముందు ఏమైందో అడిగినవా?" అడిగాను. ఆ అమ్మాయి రాత్రి డ్యూటీ దిగాల్సింది, రావాల్సిన మనిషి రాక, పొద్దుటి నుంచి ఒక్కతే రెండు వార్డులు చూస్తోంది. టీ కూడా తాగలేదు. తెచ్చి ఇచ్చాను. "ఇగ ఇప్పుడు సెలైన్ మార్చమను" అంది సత్తెమ్మక్క కళ్ళు మూసుకునే.

ఆమె నన్ను మెత్తటి మనిషిని చేసిందని ఎవరైనా అనుకుంటే, వాళ్ళు ఒకసారి మా స్టాఫ్ మీటింగుకు రావాలి. నేను ఇప్పటికీ వాదిస్తాను, గెలిచేదాకా వదలను. కాకపోతే నోరు తెరిచేముందు ఒక్క క్షణం, ఆ పొద్దున నేనేం చేశానో మనసులో రాసుకుంటాను. ఎక్కువసార్లు ఏదో ఒకటి దొరుకుతుంది, అప్పుడు గొంతు తగ్గించి మొదలుపెడతాను. ఎంత వెతికినా ఏమీ దొరకని రోజులూ ఉంటాయి. ఆ రోజు ఇక అవతలివాళ్ళ ఖర్మ.